అక్క ఇంట్లో గడ్డకట్టిన నూనె

నిన్న పొద్దున విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర అక్క వాళ్ళ ఫ్లాట్లో తల దువ్వుకుందామని కొబ్బరినూనె సీసా తీశాను. నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది.

మా చిన్నప్పుడు చలి ఎంతుందో చెప్పేది కొబ్బరినూనె సీసాయే. కంకిపాడులో నూనె గడ్డకడితే అమ్మ సీసాను అరుగు మీద ఎండలో పెట్టేది. బడికి ఆలస్యమైతే చీపురుపుల్లతో కాస్త తవ్వి తీసి, అరచేతిలో నలిపి మా ఇద్దరి తలలకూ రాసేది. మాడుకు చల్లగా తగలగానే అక్క కెవ్వుమనేది. నేను నవ్వేదాన్ని, తర్వాతి వంతు నాదని మరిచిపోయి.

అక్క పెళ్ళై విజయవాడ వెళ్ళాక, చలికాలమంతా ఫోన్లో ఇదే మాట.

"ఏమే, గడ్డకట్టిందా మీకు?"

"రాయిలా ఉందక్కా. మీకో?"

"ఇక్కడెక్కడిదే! నీళ్ళలా కారుతోంది. ఇంకా ఫ్యాన్ వేసుకునే పడుకుంటున్నాం. మాకూ గడ్డకట్టిన రోజున ముందు నీకే ఫోన్ చేస్తాలే."

గంట ప్రయాణం కూడా లేని రెండు ఊళ్ళ మధ్య అంత తేడా ఉండేది. ఆ ఫోన్ ఏ ఏడూ రాలేదు.

అక్క పోయింది మొన్న దసరా ముందు. సీసాలో ఆమె వాడగా మిగిలిన నూనె సగం ఉంది.

బావగారు చూసి, "ఉండమ్మా, బాల్కనీలో ఎండలో పెడతాను, కరుగుతుంది" అంటూ చెయ్యి చాపారు.

"వద్దులెండి బావగారూ, అలాగే ఉండనివ్వండి" అన్నాను.

నూనె లేకుండానే జడ వేసుకుని కంకిపాడు బస్సెక్కాను.