సూరి బావని మంచం దగ్గరికి రప్పించిన చక్రం

మనవాళ్ళకో జబ్బుంది. ఎవరికైనా సెలైన్ ఎక్కుతుంటే చూడ్డానికొచ్చిన ప్రతివాడూ సగం డాక్టరైపోతాడు. సీసా వంక ఓసారి చూసి, గొట్టానికున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో కాస్త తిప్పేస్తాడు. తొందరగా ఎక్కితే తొందరగా బలమొస్తుందని వాడి నమ్మకం. పెందుర్తి అప్పలసూరి తిప్పింది కూడా ఆ ప్రేమతోనే.

ఆసుపత్రిలో చేరిన పక్కింటి ఆరోగ్యమ్మది అప్పటికే బలహీనమైన గుండె. నెమ్మదిగా ఎక్కాల్సిన సెలైన్ ఒక్కసారిగా లోపలికి పోయేసరికి ఆవిడ ఊపిరాడక గిలగిల్లాడింది. నర్సు ప్రసన్నకుమారి పరుగున వచ్చి ఆపబట్టి దక్కింది. ఆవిడ కొడుకు దేవకుమార్ సూరిని పల్లెత్తు మాటనలేదు. చిన్నప్పట్నుంచీ బావా అని పిలుచుకున్నవాడాయె. అయినా ఆ రోజు నుంచి సూరి చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడేవాడు, ఆవిడ మంచం దరిదాపుల్లోకి రాలేదు. సూరిని తిడితే ఇంకో ఆసుపత్రిలో ఇంకో బావ ఆగుతాడా? ఆపాల్సింది చక్రాన్ని అనుకున్నాడు దేవకుమార్.

అతను ప్లాస్టిక్ వైద్య సామాన్ల కంపెనీలో అచ్చులు తయారుచేస్తాడు. చక్రానికి మూత, మూతకో తాళం పెట్టి, గొప్పగా ప్రసన్నకుమారికి చూపించాడు. ఆవిడ పెదవి విరిచింది.

"బాగానే ఉన్నాది తమ్ముడూ. పేషెంటుకి ఏటైనా అయితే గబుక్కున ఆపద్దా? అప్పుడు తాళంచెవి ఎతుక్కుంటా కూకోవాలేటి?"

అతని గాలి తీసేసినట్టయింది. కానీ దారి కూడా ఆ మాటలోనే దొరికింది: ఆపడం ఎవరికైనా వీలవ్వాలి, పెంచడం మాత్రం కాకూడదు. తండ్రి యోహాన్ పోర్టులో బరువులెత్తే యంత్రం మీద పనిచేసేవాడు. అందులో పళ్ళచక్రం ఒకటుండేది. బరువు పైకి లేస్తుందే గానీ వెనక్కి జారదు, ఓ కొక్కెం అడ్డుపడుతుంది. దేవకుమార్ అలాంటి పళ్ళే గోరంతవి చేసి సెలైన్ చక్రానికి అమర్చాడు. తగ్గించే వైపు ఎవరైనా తిప్పొచ్చు. పెంచాలంటే మాత్రం నర్సు మెడలో ఐడీ కార్డుతో పాటు వేలాడే చిన్న తాళంచెవి కావాలి. ఇంజనీర్లు దాన్ని సరిదిద్దారు, డాక్టర్లు పరీక్షించారు. విరిగినప్పుడల్లా విసుక్కుంటూనే మళ్ళీ చేశాడు. చివరికి వార్డులో వాడి చూడ్డానికి అనుమతి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఆరోగ్యమ్మ జ్వరంతో మళ్ళీ ఆ వార్డులో చేరింది. కొడుకు చేసిన చక్రమే ఆవిడ గొట్టానికి తగిలించారు. పక్క మంచం వాళ్ళని చూడ్డానికొచ్చిన సీతాలు ఇటు తిరిగింది.

"అయ్యో, ఈ మామ్మకి సుక్కలు మరీ మెల్లగా పడతన్నాయి!" అంటూ చక్రం మీద బొటనవేలు వేసింది.

"ముట్టుకోకమ్మా!" అని గుమ్మంలోంచి సూరి కేకేశాడు.

సీతాలు అప్పటికే చక్రం కదిలినవైపుకి తిప్పేసింది. చుక్కలు తగ్గి, తగ్గి, నిలిచిపోయాయి. ఆవిడ బలంకొద్దీ రెండోవైపు తిప్పబోయింది. చక్రం కదిలితేనా!

"ఇదేటి, బేగి ఎక్కుద్దని తిప్పితే ఉన్నది కూడా ఆగిపోనాది!"

ప్రసన్నకుమారి వచ్చి మెడలోని తాళంచెవితో మళ్ళీ సరిచేసింది. ఆరోగ్యమ్మ పకపకా నవ్వింది.

"అది పెరగదే తల్లీ. నా కొడుకు సేసినాడు."

టీ గ్లాసులతో అప్పుడే వచ్చిన దేవకుమార్ చెవిన ఆ మాట పడింది. అతని ఛాతీ చొక్కాలో పట్టలేదంటే నమ్మండి. తల్లి చూపు మాత్రం గుమ్మం వైపు ఉంది.

"ఒరే సూరీ, ఇంకా అక్కడేటిరా? ఇలాగొచ్చి కూకో."

అప్పలసూరి వచ్చి మంచం అంచున కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.