అష్టమి పోటు

రిటైర్మెంటుకి మూడేళ్లుందనగా, ఒక మే నెలలో నన్ను కాకినాడ దగ్గరి మడ అడవులకి డిప్యూటీ రేంజ్ ఆఫీసరుగా వేశారు. కొన్ని బీట్ల మీద, అంటే గార్డులు కాపలా కాసే అడవి భాగాల మీద, అజమాయిషీ నాది, నా పైన రేంజ్ ఆఫీసరు. అప్పగించిన పని, ఉప్పు పేరుకుని ఎండిపోయిన ఒక నేలలో మళ్లీ మడ పెంచడం.

ఇందుకు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వుతాం. నడుమ పెద్ద కాలువ, దానికి ఏటవాలుగా పిల్ల కాలువలు. సముద్రపు పోటు నీరు వాటిలోకి ఎక్కి, దిగిపోతూ ఉప్పుని కడిగేస్తుంది. నీరు ఎంత ఎత్తు ఎక్కుతుందో గుర్తు పెట్టి, దాన్నిబట్టి కాలువ లోతు నిర్ణయించాలి. ఆ గుర్తు నేనే పెట్టాను, చేరిన వారంలోనే, పున్నమి నాడు.

మొక్కలు నాటే కూలీలకి మేస్త్రి కామేశ్వరి. చిన్నప్పటి నుంచీ అక్కడ పీతలు పట్టిన మనిషి. "ఇయ్యాల పున్నమి పోటండి బాబుగారూ, నీళ్లు బాగా ఎక్కుతాయి. అష్టమికొచ్చి చూడండి" అంది. యంత్రంతో కొలిచేవాడికి పంచాంగం చెబుతోందని నవ్వేశాను. కిందివాళ్ల మాట కొట్టిపారేసే ఆ జబ్బు నాకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఉంది.

ఆ గుర్తు ప్రకారమే కాలువలు తవ్వించి జూన్‌లో నాటాం. వానలు ముఖం చాటేశాయి. అష్టమి నాడు పోటు వేళకి వెళ్లి చూస్తే, నీరు పెద్ద కాలువ దాకా వచ్చి ఆగిపోయింది. పిల్ల కాలువల్లోకి చుక్క ఎక్కలేదు. నేను పెట్టిన గుర్తు తప్పని తెలిసిపోయింది. లోతు పెంచాలంటే రేంజ్ ఆఫీసరు అనుమతి కావాలి. అంటే నా తప్పు నేనే రాసివ్వాలి. రాయలేదు.

అమావాస్యకి నీరెక్కింది. గండం గడిచిందనుకున్నాను గానీ, మనసు కుదుటపడలేదు. రోజూ పడవెక్కి వెళ్లి ఆకులు తడిమి చూసేవాణ్ని. అన్నం ముందు కూర్చున్నా ఆ నేలే కనిపించేది. తర్వాతి అష్టమికి నేల పగిలి ఉప్పు తేలింది. చివరి వరుసలు మాడిపోయాయి. కామేశ్వరి నన్ను దెప్పలేదు. ఇంకో అష్టమికి ఇవేమీ మిగలవండి అని మాత్రం చెప్పింది.

ఆ మధ్యాహ్నమే రిపోర్టు రాశాను. గుర్తు ఎవరు పెట్టారని రేంజ్ ఆఫీసరు గారు అడిగారు. నేనేనన్నాను. అనుమతీ, సంజాయిషీ అడిగే మెమో ఒకేసారి చేతికొచ్చాయి.

పిల్ల కాలువల్ని లోతు చేశాం. మూడో అష్టమి నాడు అందరం గట్టు మీద నిలబడ్డాం. నేను నిమిషానికోసారి గడియారం చూసుకుంటున్నాను. కామేశ్వరి చివరి పిల్ల కాలువలోకి దిగి, కాసేపటికి "వచ్చేత్తందండి" అంది. నీరు ఆమె మడమలు తడిపి చివరి వరుస దాకా పాకింది. మాడినవి మాత్రం మళ్లీ చిగురించలేదు. వాటి చోట కొత్తవి నాటాం.

అడవిని కాపాడటమంటే దొంగల్ని పట్టడమే అనుకుని ముప్పై ఏళ్లు తిరిగాను. ఆ మొక్కల్ని ఏ దొంగా నరకలేదు. నేను నోరు మూసుకున్న పదిహేను రోజులే వాటిని చంపాయి. నా ఉద్యోగం దేనికో నాకక్కడ తెలిసింది. ఆ తర్వాత కొలిచిన ప్రతి ఎత్తు పక్కన తిథి కూడా రాశాను. కామేశ్వరిని అడిగాకే కింద సంతకం పెట్టాను.