మావయ్య మాట వినలేదన్నది నేనే

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. ఏళ్ల తరబడి నాతోపాటు షిఫ్టుకు వచ్చి, నాతోపాటే ఇంటికి తిరిగొచ్చిన బరువు ఇది. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

జంషెడ్‌పూర్‌లో ఒక కార్ఖానాలో సూపర్‌వైజర్ని. శ్రీకాకుళం వైపు నుంచి నన్ను తీసుకొచ్చి, బిర్సానగర్‌లో తన ఇంట్లోనే ఉంచుకుని, పనిలో పెట్టించినవాడు మా మేనమామ. షెడ్ల కప్పు మీద రేకులు మార్చే గ్యాంగు ఆయనది. తాను కాలు మోపి చూసిన చోటే మరొకణ్ణి అడుగు పెట్టనిచ్చేవాడు. కొన్నాళ్లకు, కాస్త చదువుందని, ఆ గ్యాంగుకే నన్ను పైవాణ్ణి చేశారు. ఆయన నొచ్చుకోలేదు. ఆ రోజు బస్తీ అంతా తిరిగి మిఠాయి పంచాడు.

డెబ్బైల చివర్లో మాకు సేఫ్టీ ట్రైనింగ్ మొదలైంది. మంచి క్లాసులవి, ఇప్పటికీ అంటాను. టోపీలూ బూట్లూ పంచడం కాదు, తప్పు కనిపించిన చోట నోరు తెరవడమే నాయకత్వం అన్నారు. ఎదుటివాడు పెద్దవాడైనా, చుట్టమైనా సరే. నేను తలూపాను.

ఆ ట్రైనింగ్ సాగుతుండగానే ఒక ఉదయం మావయ్య నడుముకు సేఫ్టీ బెల్టు కట్టుకోకుండా పైకెక్కాడు. రాత్రి వాన పడింది. ఒక్క బోల్టు బిగించి దిగిపోయే పని. బెల్టు నిచ్చెనకే వేలాడుతోంది. నేను కింద నిలబడి చూస్తున్నాను. గ్యాంగంతా ఉండగా మేనమామను దిగి కట్టుకోమని ఎలా అనడం? అది గౌరవమా? లేక ఆయన చిన్నబుచ్చుకుంటే ఇంట్లో మొహం చూపించలేనన్న భయమా? తేల్చుకునేలోపే తడి రేకు మీద ఆయన కాలు జారింది.

తుంటి విరిగింది. ప్రాణం దక్కింది. ఆఫీసులో సాహెబు అడిగాడు, బెల్టు సంగతి చెప్పావా అని. చెప్పాను, వినలేదు అన్నాను. కంగారులో నోరు జారిందని నాకు నేను చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. కాదు. ఆలోచించే అన్నాను.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను.

"ఏట్రా అల్లుడూ, ఆ మొకమేటి? నానేటి సచ్చిపోనానా?"

నేను నోరు విప్పకముందే ఆయనే అన్నాడు. "సాబొచ్చి అడిగేడు. నీ మేనల్లుడు సెప్పేడంట, నువ్వే ఇన్లేదంట గదా అని. హా సాబ్, బోలా థా, సెప్పేడు, నానే ఇన్లేదు అనీసినాను."

"ఎందుకలా అన్నావు మావా?"

"మరేటనాల? బెల్టు కట్టుకోనోణ్ణి నానే గదా. ఇద్దరం మునిగిపోడం ఎందుకురా? ఎల్లు, సేపల పులుసు తెమ్మని మీ అత్తకి సెప్పు. ఈళ్ల పప్పు తింటే రెండో తుంటి కూడా ఇరిగిపోద్ది."

ఆయన్ను పనిముట్లు ఇచ్చే గదిలో కూర్చోబెట్టారు. మళ్లీ కప్పు ఎక్కలేదు. నన్ను సేఫ్టీ క్లాసులు చెప్పమన్నారు. ప్రతి క్లాసులోనూ, చెప్పినా వినని ఒక పాత పనివాడి కథ చెప్పాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? ఆ పనివాడెవరో గ్యాంగులో అందరికీ తెలుసు; తాము రాకముందే నేను చెప్పి ఉంటాననుకున్నారు. "మావా, కుర్సీకి బెల్టు కట్టుకున్నావా?" అని ఏడిపించేవారు. "నువ్వొచ్చి కట్టరా మరి" అనేవాడు. నేను పక్కనే ఉన్నా ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. అంత పెద్ద మనసును నేను మరెక్కడా చూడలేదు. దాని నీడలోనే హాయిగా బతికాను.

అలా పదిహేనేళ్లు గడిచాక, మొన్న వేసవిలో ఆయన పోయాడు. పదోరోజు భోజనాల దగ్గర ఎవరో అన్నారు, "మంచోడే గానీ, ఎవుడి మాటా ఇనీవోడు కాదు." నేను వడ్డిస్తున్నాను. కాదనకుండా పక్క విస్తరికి జరిగాను. మళ్లీ అదే పని చేశాను.

ఆయన వినే మనిషి. డాక్టరు వద్దన్న రోజే బీడీ మానేశాడు. మనవరాలు మందు వేసుకోమంటే వేసుకునేవాడు. ఆ ఉదయం నేను కింద నుంచి ఒక్క కేక వేసి ఉంటే దిగొచ్చి బెల్టు కట్టుకునేవాడు. నేను వేయలేదు.

వచ్చే క్లాసులో ఇది చెప్పగలనో లేదో తెలియదు. క్షమించాల్సిన మనిషి లేడు. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన గురించి నిజం చెప్పాను.