నాంచారమ్మ అడగని తీర్పు

2022 వేసవిలో మచిలీపట్నం సివిల్ కోర్టులో ఓ దావా వేశాను, గెలిచాను. ఆ గెలుపు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నాంచారమ్మది నాగాయలంక. రేవులో వేలంపాట పాడి చేపలు తీసుకుని, ఊళ్ళు తిరిగి అమ్ముకునే మనిషి. ఆ ఏడు అక్కడి చేపల వర్తకుల సంఘం ఓ తీర్మానం చేసింది. ఆరోగ్య బీమా కార్డు లేనివాళ్ళు పాటకు రాకూడదు. సంఘం తీసుకున్నది గ్రూప్ పాలసీ, అంటే సభ్యులందరికీ కలిపి ఒకే బీమా. కంపెనీ దానికి వయసు పరిమితి పెట్టింది. నాంచారమ్మకు డెబ్భై దాటాయి.

"నాకు కార్డు ఇవ్వరంట, అది లేకపోతే లోపలికి రానివ్వరంట. ఇదేం చోద్యమండి లాయరమ్మగారూ? పాటకెళ్తేనే నా పొయ్యి వెలుగుద్ది" అంది.

దావా చివర, కోర్టు ఏం చేయాలో కోరే భాగాన్ని ప్రేయర్ అంటాం. అక్కడ అడిగిందే కోర్టు ఇస్తుంది. మా ఆఫీసు కంప్యూటర్లో ఇలాంటి పాత దావా ఒకటి ఉంటే దాని ప్రేయర్‌నే దింపేశాను: తీర్మానం మొత్తం చెల్లదని ప్రకటించాలి. వయసు మీరినవాళ్ళకు మినహాయింపు ఇస్తే చాలని రాయాలని తోచనేలేదు. అలా దింపుకోవడం మా వృత్తిలో అందరం చేసేదే.

వాయిదాలు తిరిగి తిరిగి, మరుసటి ఏడు గెలిచాం. నాంచారమ్మ పాటకు వెళ్ళింది. నాకు బొమ్మిడాయిలు తెచ్చిచ్చి మురిసిపోయింది.

రెండు నెలలకు మళ్ళీ వచ్చింది, ముఖం వేలాడేసుకుని. తీర్మానం పోగానే సగం మంది బీమా మానేశారు. వయసు పరిమితిలో ఉన్నవాళ్ళందరూ చేరితేనే పాలసీ అన్నది కంపెనీ షరతు, దాంతో అది రద్దయింది. తోటి వర్తకురాలు రమణకు గర్భసంచి ఆపరేషన్ చేయాలి. రేషన్ కార్డు చిక్కుతో ప్రభుత్వ పథకంలో ఆమె పేరు లేదు. సంఘం బీమా కార్డు ఇక చెల్లదని ఆస్పత్రివాళ్ళు తిప్పి పంపేశారు.

"రేవులో నాతో ఎవరూ మాట్లాడట్లేదండి. నన్ను లోపలికి రానివ్వమని అడిగానమ్మా. వాళ్ళ కార్డులు పీకెయ్యమని నేనెప్పుడన్నాను?"

అనలేదు. వయసు మీరినవాళ్ళను మినహాయించి మళ్ళీ బీమా తీసుకోమని సంఘం పెద్దలను బతిమాలాను, వాళ్ళు మళ్ళీ ఆ తలనొప్పి వద్దన్నారు. రమణ ఆపరేషన్ ఎన్నాళ్ళో వెనక్కి పోయింది.

ఇప్పుడు ప్రేయర్ రాసేముందు, ఈ కేసు గెలిస్తే ఎవరికి ఏం పోతుందని కక్షిదారుని అడుగుతున్నాను. చాలామంది విసుక్కుంటారు. నాంచారమ్మ విసుక్కునేది కాదు, చెప్పేది. ఆమెను నేను అడగలేదు.