దూడ మింగిన ఉలన్ దారం

ఈ సాయంత్రం మా అమ్మాయి దూడ మెడకు కడదామని, నాలుగు వేళ్లకు ఎర్ర ఉలన్ దారం చుట్టి, నడుమ ముడేసి, అంచులు కత్తిరించి కుచ్చుబంతులు చేస్తోంది. పక్కనున్న దారపు ఉండను దూడ నమిలేసింది. నేను చూసేసరికి దాని నోట్లోంచి జానెడు దారం వేలాడుతోంది. పట్టుకుని లాగబోయి, భయమేసి, పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను.

“లాగొద్దప్పా, లోపల పేగు కోసుకుపోతాది. నోటికాడ కత్తిరించి ఇడ్సిపెట్టు. మిగతాది పేడలో రావాల.”

“రాకపోతే సార్?”

“పొద్దున్నే నేనే వస్తాలే,” అన్నాడాయన.

నోటికాడ దారం కత్తిరించి, అప్పటినుంచి దూడ వెనకే కూర్చున్నాను. రెండుసార్లు పేడ వేసింది. పుల్లతో కెలికి చూశాను, దారం లేదు. మా డెంకణికోట పక్క మీలో ఎవరి దూడైనా ఇట్లా మింగిందా? ఎన్నాళ్లకు బయటపడిందో చెప్పండి. బయటపడలేదన్న సంగతైతే ఈ రాత్రికి వద్దు, రేపు రాయండి.