చాచిన వేలు

మా నల్లగొండ బూట్ల దుకాణానికి వచ్చే ఆ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ పదిహేనేళ్లు పెద్ద క్లబ్బులకు ఆడాడు. ఆయన పరుగెత్తగా మాత్రం నేను చూడలేదు. మైదానం నడుమ నిలబడి, వేలు చాచి, "ఉరుకు తమ్మీ, గటు ఉరుకు!" అని కుర్రాళ్లను తోలడమే ఆయన ఆట.

"అన్నా, ఏడాదైనా బూట్లు అరగలే. గా వేలికే తొడుగు," అనేవాణ్ని.

"నువ్వు మాత్రం గల్లా కాడికెల్లి లేస్తవా సేటూ?" అనేవాడు.

ఇంకో ఏడాది ఒప్పందం కోసం ఆయన కోచ్ ముందు ఆడిన రోజు నేనూ వెళ్లాను. ఖాళీ గోలు ముందు బంతి ఆయన కాళ్లకే వచ్చింది. అలవాటుగా వేలు చాచాడు. అటు ఎవరూ లేరు. వెనకనుంచి వచ్చిన ఎదుటి జట్టువాడు బంతి తన్నుకుపోయాడు. ఒప్పందం అక్కడే పోయింది. నేను పగలబడి నవ్వాను.

మరునాడు దుకాణానికి వచ్చి, "బూట్లొద్దు, చెప్పులియ్యి," అన్నాడు. నేను లేవకుండానే పై అర వైపు వేలు చూపించాను.

తానే దించుకుని, "పాసు మంచిగిచ్చినవ్ సేటూ," అన్నాడు.