సోవియట్ యూనియన్ వెనక మంచం

ఇంటికొచ్చిన వాళ్లందరికీ హాల్లోని ప్రపంచ పటం చూపించి, తుక్కులో పోతుంటే కాపాడానని ఏడాదిపాటు చెప్పాను. అది అబద్ధం. కాఫీ తాగి మెచ్చుకున్నవాళ్లు తమ మెచ్చుకోలు వెనక్కి తీసుకోవచ్చు.

పాత బడి చార్టులంటే నాకు పిచ్చి. ఎల్బీ నగర్‌లోని మా ఫ్లాటులో టీవీ పైన కోసిపెట్టిన కప్ప, భోజనాల బల్లకెదురుగా జీర్ణవ్యవస్థ ఉంటాయి. "పెద్దపేగు చూస్తూ పప్పన్నం ఎవరు తింటారండీ? మా పిన్ని మజ్జిగ దాకా రాకుండానే లేచిపోయింది" అంటుంది భీమవరం నుంచి వచ్చిన మా ఆవిడ.

ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో బండి పెట్టే చోటు వెతుకుతుంటే, తెరిచిన తలుపులోంచి ఆ పటం కనిపించింది. గుడ్డమీద అంటించిన పటం, పైనా కిందా కర్రలు. సోవియట్ యూనియన్ ఇంకా ఒక్క ముక్కగానే ఉంది. ఒంటిగది రేకుల ఇల్లు. గది మధ్యలో దూలానికి పటం వేలాడుతోంది, దాని ముందు టీచరమ్మ పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. తను పనిచేసిన బడి మూతపడినప్పుడు ఆ పటం తనకిచ్చారట.

నేను చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టాను. "ఇందులో ఉన్న దేశాలు కొన్ని ఇప్పుడు లేవమ్మా. పిల్లలు తప్పులు నేర్చుకుంటారు. నేను కొత్తది తెస్తాను, ఇది నాకివ్వండి."

"అది గోడకు కాదు సార్..." అంది.

"గోడకు మేకు కూడా నేనే కొడతాను."

"పిల్లల కోసం అంటే ఎట్ల వద్దంట సార్" అని ఊరుకుంది.

మర్నాడు కోఠీ నుంచి తళతళలాడే కాగితం పటం తెచ్చి గోడకు కొట్టాను. పాతది దించితే వెనక మంచం, మంచం మీద ఆమె అత్తగారు. ముసలామె చీర లాక్కుని అటు తిరిగి పడుకుంది. కర్రకు చెద పట్టిందేమోనని నేను చూసుకుంటున్నాను.

మొన్న మా ఆవిడ ఆ పిల్లలకు పాత పుస్తకాలు ఇవ్వడానికి వెళ్లింది. వస్తూనే నా ముందు నిలబడింది.

"పిల్లలు ఎండలో నిలబడి ఉన్నారండీ. అత్తగారికి బట్టలు మార్చాలంటే అందర్నీ బయటికి పంపాలట. మీరు పట్టుకొచ్చింది వాళ్ల తెర. దించేటప్పుడు కళ్లెక్కడ పెట్టుకున్నారు?"

"సోవియట్ యూనియన్ మీద" అన్నాను. ఆమె నవ్వలేదు.

అప్పుడు కూడా నాకు తట్టింది ఒకటే: మంచి కర్టెన్ కొనిచ్చి పటం ఉంచేసుకోవచ్చు. మర్నాడు కర్టెన్ల షాపు ముందు బండి ఆపాను. తనే గోడమీంచి దించి తెచ్చిన పటం ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్న మా ఆవిడ దిగలేదు. మళ్లీ బండి స్టార్ట్ చేశాను.

టీచరమ్మ మమ్మల్ని చూసి కంగారుపడింది. "ఎందుకు సార్ పరేషాన్, ఎట్లనో నడుస్తుంది గదా."

"నడిచెటోళ్లకు నడుస్తది" అంది మంచం మీది ముసలామె.

స్టూలెక్కి పటం దూలానికి కట్టాను. తప్పయిపోయిందని ఎలా చెప్పాలో తెలియక ముడి మీద ముడి వేస్తున్నాను.

"జర కిందికి దించు కొడుకా, కాళ్లు కనవడుతున్నయ్."

జానెడు దించాను. "తెలీక తీసుకెళ్లాను పెద్దమ్మా, ఏమనుకోకు" అన్నాను పటం వైపు చూస్తూ.

"ఇగ పో. చీర మార్చుకోవాలె."

పిల్లలు లోపలే కూర్చుని లెక్కలు చేసుకుంటున్నారు. నేను బయటికొచ్చాను.